చూపు పడితే తెరుచుకునే పలక

ఆ ఇంట్లో హైమవతి మొహం చూసి మాట్లాడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పొద్దున్నే ఇడ్లీ పళ్లెం తెచ్చే ఆడపడుచు సత్యవేణి కిటికీకేసి తిరిగి చెప్తుంది, "తినెయ్యి హైమా, చల్లారితే గట్టిపడిపోతాయి" అని. ఆఫీసుకు బయల్దేరుతూ మొగుడు భానోజీ ఆమె పాదాలకు చెప్తాడు, "సాయంత్రం తొందరగా వచ్చేస్తాను" అని. కూతురు తరళ ఆ మాత్రం కూడా చెప్పదు. మందుబిళ్లలు అమ్మ అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, వంచిన తల ఎత్తకుండా వెళ్లిపోతుంది.

పోనీ హైమ అంటే వాళ్లకి అసహ్యమా అంటే, అదేం కాదు. ప్రాణం పెడతారు. కానీ ఆమె మొహం చూడాలంటే భయం. చూస్తే పలక తెరుచుకుంటుంది.

అప్పటికి విశాఖపట్నంలో కళ్లద్దాలు లేని మనిషి లేడు. చూపు నిక్షేపంలా ఉన్నవాళ్లూ పెట్టుకునేవారు, పడుకునేదాకా వాటిని తీయాలన్న ఊహే ఎవరికీ రాదు. బస్సు మీద చూపు ఆనించితే అదెక్కడికి పోతుందో, ఎంతమంది కిక్కిరిసి ఉన్నారో చిన్న పలక మీద కనిపించేది. వంకాయల మీద చూపు ఆనించితే ఎప్పుడు కోశారో తెలిసేది. తయారుచేసేవాళ్లు దాన్ని టూల్‌టిప్ అనేవారు. జనానికి మాత్రం అది పలకే.

ఆ పలక ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించింది మరెవరో కాదు, హైమవతే. మధురవాడ కొండ మీది ల్యాబులో ఆమె పని అదే. ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే పలకల్ని నడిపే ప్రోగ్రాములో, ట్రిగ్గర్ అనే ముక్క ఉండేది. చూపు పడితే తెరవాలా, వేలితో తాకితే తెరవాలా, లేక ఆ వస్తువు తనంతట తానే తెరవాలా అన్నది ఆ ముక్క చెప్పాలి. మూడో పద్ధతికి ఆమె 'స్వయం' అని పేరు పెట్టింది, రాసింది కూడా. రాసి, మూసేసింది. మీటింగులో ఎవరో దాని సంగతేమిటని అడిగితే పకపకా నవ్వింది.

"బస్సుని అడిగి పలక తెరుస్తామా అండీ? చూసేవాళ్లదే హక్కు. చూడబడేదానికి ఇష్టాయిష్టాలేమిటి?"

అందరూ నవ్వారు. భానోజీ కూడా నవ్వాడు. ల్యాబుకి పెద్ద ఆయనే. చూపు పడితే తెరుచుకోవడమే అందరికీ ఖాయమైపోయింది.

ఆ తర్వాత ఒక రోజు పొద్దుట్నుంచీ హైమకి ఒకవైపే తలనొప్పి. ఆసుపత్రికి వెళ్దామని భానోజీ అంటే, "మీరు మరీను, తరళ కబడ్డీ ఫైనల్ అయ్యాక చూద్దాం" అంది. గ్యాలరీలో కూర్చుని గొంతు చించుకుని అరిచింది. తరళ ఇద్దరిని ఔట్ చేసి గీత తాకి లేచేసరికి, పైన అమ్మ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయి ఉంది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోరు పోయింది. కలం ఎడమ చేతికిస్తే గీతలు వచ్చేవి కానీ అక్షరాలు రాలేదు. అక్షరాల అట్ట ముందు పెడితే చీమల బారుని చూసినట్టు చూసేది. మాటలు మాత్రం లోపల లేస్తూనే ఉండేవి, గొంతు దాకా వచ్చి అక్కడే చచ్చిపోయేవి. అంతకు ముందు రోజంతా వాగే మనిషి! ఆ బాధ పగవాళ్లకి కూడా వద్దు.

భానోజీ నిద్రాహారాలు మాని ఒక పని చేశాడు. ఆ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. చెవి కింద అంటించే పల్చటి పట్టీ ఒకటి తయారుచేయించాడు. మెదడు గొంతుకి పంపే ఆజ్ఞల్ని అది దారిలోనే పట్టుకుంటుంది. పట్టుకుని వాక్యం చేసి, ఎదుటివాళ్ల కళ్లద్దాలకి పంపుతుంది. స్పీకరు పెడదామన్నారు ల్యాబులో. "అదైతే రోజంతా మోగుతూనే ఉంటుంది. పలకైతే చూసినప్పుడే కదా" అన్నాడు భానోజీ. పలకలు తెరిచే ముక్క ఎలాగూ సిద్ధంగా ఉంది, హైమ రాసిందే. దాన్నే తెచ్చి తగిలించారు. బస్సుకి ఉన్న పద్ధతే ఆమెకీ వచ్చింది.

మొదటి రోజు ల్యాబులో ఆమె చుట్టూ పదిమంది నిలబడి చూశారు. పట్టీ పచ్చగా వెలిగింది. భానోజీ అద్దాల్లో పలక తెరుచుకుంది. అతను దాన్ని పైకి చదవబోయి చదవలేకపోయాడు. పక్కనున్నావిడ చదివింది.

"తరళ అన్నం తిందా?"

ల్యాబంతా ఏడ్చింది. హైమ కూడా ఏడ్చింది. తన పలక తనకి కనిపించదు, కనిపించినా చదవలేదు. ఎదుటివాళ్ల మొహాల్లోనే చదువుకోవాలి. ఆ రోజు ఆ మొహాలు వెలిగిపోయాయి.

వారం పది రోజులు పండగలా గడిచింది. ఆ తర్వాతే అసలు సంగతి బయటపడింది.

మనందరి గొంతుల్లోకీ పది మాటలు లేస్తే తొమ్మిది మింగేస్తాం. మింగేశామని మనకే తెలియదు. ఈ పట్టీ ఆ మింగడానికి ముందే పట్టేస్తోంది. ల్యాబులో ఎవరికీ ఈ సంగతి తట్టకపోవడానికి కారణం చిన్నదే. పట్టీని పరీక్షించినప్పుడల్లా వాళ్లు ఒక పాఠం కాగితం ఇచ్చి మనసులో చదువుకోమనేవారు. కాగితం చదివేవాడికి మింగడానికి ఏముంటుంది? అంత చదువుకున్నవాళ్లు, ఒక్కరైనా ఊరికే కూర్చోబెట్టి చూశారా అంటే, లేదు.

శ్రావణ శుక్రవారం సత్యవేణి పేరంటం పెట్టింది. మరదలు మనుషుల్లో పడిందని నలుగురికీ చూపించుకోవాలని ఆవిడ సరదా. హైమకి పట్టుచీర కట్టి, జడలో కనకాంబరాలు తురిమి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. వచ్చిన ముత్తయిదువలు ఒక్కొక్కరే వంగి ఆమెకి బొట్టు పెట్టాలి. మొహం చూడకుండా బొట్టెలా పెడతారు?

మొదటావిడ కుంకుమ పట్టుకుని వంగి, కొయ్యబారిపోయింది. "నిమ్మకాయ రంగు చీర. ఎవరు చెప్పారో ఈవిడకి బావుంటుందని" అని పలక మీద ఉంది. రెండో ఆవిడ చదివింది ఇంకా చిన్న మాటే, నోటి వాసన గురించి. ఆవిడ కుంకుమ కనుబొమ్మ మీద పెట్టేసి వెనక్కి తగ్గింది. హైమకి వాళ్ల మొహాలు చూసి అర్థమైపోయింది. 'ఏమీ అనుకోకూడదు, ఏమీ అనుకోకూడదు' అని పళ్లు బిగించింది. అనుకోకూడదు అనుకున్నకొద్దీ ఊరుకుంటుందా మనసు!

చివర్న సత్యవేణి వచ్చింది. నవ్వుతూనే వంగింది. ఆవిడ నడుముకి ఇంటి తాళాల గుత్తి గలగలమంది. హైమ చూపు దాని మీద పడింది. అంతే.

"నా తాళాలు. నేను చచ్చానని అప్పుడే దోపుకుంది."

సత్యవేణి బొట్టు పెట్టి, అందరికీ శనగలు, తాంబూలం ఇచ్చి, నవ్వుతూనే గుమ్మం దాకా సాగనంపింది. తలుపు వేశాక వంటింట్లోకి పోయి కూలబడిపోయింది.

"ఏటన్నాను నాను దాన్ని, తమ్ముడూ?" అని భానోజీని పట్టుకుని ఏడ్చింది. "నా కొంపా గోడూ వదిలేసి వచ్చాను. దాని పక్కబట్టలు ఉతుకుతున్నాను, స్నానం చేయిస్తున్నాను. దాని మనసులో నాను దొంగనా?"

తాళాల గుత్తి తెచ్చి హైమ ఒళ్లో పెట్టింది. పెడుతున్నప్పుడు ఆవిడ మొహం కిటికీ వైపుంది. అదే మొదలు.

హైమ లోపల గింజుకుంది. 'అది నేనన్న మాట కాదు వదినా, దారిన పోతూ లేచిన మాట. నువ్వు లేకపోతే నేను కుళ్లిపోయేదాన్ని.' ఆ వాక్యం పట్టీ పట్టుకునే ఉంటుంది. చూసేవాళ్లేరీ?

ఆ సాయంత్రమే ఆమె భానోజీ చొక్కా పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఎడమ చేత్తో గడ్డం ఎత్తి, తన మొహం చూసేలా చేసింది. అతను చూశాడు, చదివాడు.

"ట్రిగ్గర్ మార్చండి. స్వయం పెట్టండి. నేను రాసే ఉంచాను, తెరిస్తే చాలు. పలకకి గడియ నా వైపుండాలి."

భానోజీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "హైమా, ప్రయోగం మధ్యలో ఉన్నాం. మధ్యలో ట్రిగ్గర్ మారిస్తే ఇప్పటిదాకా వచ్చిందంతా మొదటికొస్తుంది. నీలాంటివాళ్లు ఎంతమంది ఎదురు చూస్తున్నారో నీకు తెలుసు కదా. తెరవడానికి వాళ్లకి ఓపికుండదు. చూస్తే చాలు తెరుచుకోవడమే దీని గొప్ప. ఆ మాట అన్నది నువ్వే."

"అప్పుడు నేను బస్సుల గురించి అన్నాను."

"కొన్నాళ్లు ఓపిక పట్టు. అనుమతులిచ్చే పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. అది కానియ్యి."

అప్పుడు పలక మీద ఇంకో మాట తెరుచుకుంది. హైమ దాన్ని పంపలేదు, ఆపుకోలేకపోయింది. "నీకు పెళ్లాం కంటే ల్యాబే ముఖ్యం. మొదట్నుంచీ అంతే నువ్వు."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతన్ని పైకి మీరు తప్ప అనలేదు. భానోజీ ఆ మాట రెండోసారి చదువుకున్నాడు. లేచి, ఆమె చెయ్యి మెల్లగా తప్పించి, బయటికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆమె పాదాలతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది తరళ. పిచ్చిది, అది మాత్రం ఏమొచ్చినా చూసేది. "అమ్మా, నా మొటిమలు అసహ్యంగా ఉన్నాయనుకుంటున్నావు, నేను చదివేశాను" అని నవ్వేది. "అత్తని తిట్టు, కానీ నేను ఉన్నప్పుడే తిట్టు" అనేది. కాలేజీ నుంచి రాగానే అమ్మ ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని ఆమె మొహంలోకి చూస్తూ గంటలకి గంటలు కబుర్లు. హైమకి లోకమంతా ఆ పిల్ల కళ్లే అయిపోయాయి.

ఆ రోజు తరళ చంక కింద ఏదో దాచుకుని గుమ్మంలోంచే అరుస్తూ వచ్చింది. "అమ్మా! నన్ను స్టేట్ టీంలోకి తీసుకున్నారు!" అంటూ దాచిన ఎర్ర జెర్సీ తీసి గుండెలకి ఆనించుకుని నిలబడింది. మొహమంతా వెలుగు. అమ్మ ఏమంటుందా అని ఆశగా చూసింది.

హైమకి సంతోషమే లేచింది. ఒట్టు, ముందు లేచింది సంతోషమే. కానీ ఆ ఎర్ర జెర్సీ చూడగానే గ్యాలరీ గుర్తొచ్చింది, ఈలలు గుర్తొచ్చాయి, ఒకవైపు తలనొప్పి గుర్తొచ్చింది. సంతోషం వెనకాలే ఇంకొకటి తోసుకొచ్చింది. ఏ తల్లి గొంతులోనైనా లేచి, లేచినట్టు తనకే తెలియకుండా మింగుడు పడిపోయే మాట.

"ఆ రోజు నీ ఆటకి రాకుండా ఆసుపత్రికి వెళ్లుంటే నాకు ఈ గతి పట్టేది కాదు."

తరళ మొహం మీద వెలుగు ఆరిపోవడం హైమ చూసింది. ఏం తెరుచుకుందో ఆమెకి తెలిసిపోయింది. 'కాదు! కాదమ్మా, చదవకు, అది కాదు' అని లోపల కేకలు పెట్టింది. ఆ కేకలన్నీ పలక మీద వరసగా వచ్చే ఉంటాయి. తరళ అప్పటికే కళ్లు గట్టిగా మూసుకుంది. జెర్సీ మడత పెట్టి, మెల్లగా గదిలోంచి వెళ్లిపోయింది.

టీంలో చేరలేదు. ఎందుకని భానోజీ అడిగితే, "ఇష్టం లేదు నాన్నా" అంది. అతను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. "అమ్మ అలా అనుకోదు తల్లీ, అది ఊరికే వచ్చిన మాట" అని అతను సర్దిచెప్పబోయాడు. "అనుకోకుండా ఎలా వస్తుంది? నువ్వు నా కోసం అతికించి చెప్తున్నావు" అంది తరళ. పక్క గదిలో హైమకి అంతా వినిపించింది.

ఆ క్షణం నుంచి ఆమెకి ఒక్కటే కావాలి. తన మాటని తను ఎంచుకుని కూతురికి చెప్పాలి. ఒక్క వాక్యం, వెనకా ముందూ ఇంకేమీ తోసుకురాకుండా. దానికి గడియ తన చేతికి రావాలి. అడుగుదామంటే తన వైపు చూసే మొగుడు లేడు.

పెద్దవాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. మందుల అనుమతులు చూసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కొత్త అద్దాలు పెట్టుకుని ల్యాబులో వరసగా కూర్చున్నారు. భానోజీ హైమ చక్రాల కుర్చీని నెట్టుకుంటూ తెచ్చి వెలుతుర్లో నిలిపాడు.

"ఈవిడ నా భార్య. ఈ పలకల ఫ్రేమ్‌వర్క్‌లో సగం ఈవిడ చేతి మీదుగా వచ్చిందే. ఆవిడ మొహం మీద చూపు ఆనించండి చాలు. ఏ శ్రమా లేదు."

అందరి చూపులూ ఒక్కసారి లేచాయి. హైమ ఎడమ చెయ్యి ఎత్తింది. ఒళ్లోంచి కొంగు లాగి, తల మీంచి మొహం మీదకి కప్పేసుకుంది. కప్పుకుని, గడ్డం కింద పిడికిట బిగించి పట్టుకుంది.

"హైమా..." అన్నాడు భానోజీ మెల్లగా. కొంగు పట్టుకుని లాగబోయాడు. ఆమె పిడికిలి వదల్లేదు. ఎవరో ఇబ్బందిగా దగ్గారు. "కొంచెం అలసిపోయినట్టున్నారు" అని భానోజీ నవ్వబోయాడు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి డాక్టరమ్మ తన అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అలసట కాదండీ. ఆవిడ వద్దంటోంది. మీ యంత్రంలో వద్దనడానికి ఇదొక్కటే దారిలా ఉంది. ముందు అది చూసుకోండి" అంది.

అనుమతి వాయిదా పడింది. భానోజీ ఇంటి ముందు కారాపి, స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తలెత్తి, వెనక్కి తిరిగి, ఆ గొడవ తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"చెప్పు. ఎక్కడ మార్చాలో చెప్పు."

మర్నాడు ఆమె చెప్తూ ఉంటే అతను చదువుకుంటూ మార్చాడు. మార్చాల్సింది ఎంత? ఒక్క వరస. చూపు అన్నచోట స్వయం. ఇన్ని కన్నీళ్లకీ మూలం ఆ కాస్త! తెరవడానికి మీట ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఏదో పట్టుకునే ఉంటుంది కాబట్టి, ఎడమ కాలి మెట్టెలో పెట్టించాడు. మెట్టెని నేలకేసి నొక్కిపట్టినంతసేపే పలక తెరిచి ఉంటుంది. వదిలితే మూసుకుపోతుంది. తనే వంగి ఆమె వేలికి తొడిగాడు. పెళ్లిలో కూడా ఇలాగే వంగి తొడిగాడు.

ఆమె నొక్కింది. "థాంక్స్ అండీ" అని తెరుచుకుంది. భానోజీ నవ్వాడు. కానీ ఆ నవ్వులో ఏదో తక్కువైంది. ఆమె ఎంచుకున్న మాట అది. ఎంచుకోని మాట అతనికి ఇంకా గుర్తుంది.

హైమకి అవేవీ పట్టలేదు. కూతురికి చెప్పాల్సిన వాక్యాన్ని లోపల తిప్పి తిప్పి నున్నగా చేసుకుంది. 'ఆ రోజు మళ్లీ వస్తే, మళ్లీ నీ ఆటకే వస్తాను.' అంతే. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఉత్తప్పుడు అనుకుంటూ, మెట్టె నొక్కుతూ, ఇంకే మాటా లేవకుండా సాధన చేసింది. సత్యవేణిని కూర్చోబెట్టి చూపించింది. ఆవిడ చదివి కళ్లు తుడుచుకుని, "దానికి చూపించు. నాకెందుకు" అంది.

ఆ మధ్యాహ్నం తరళ దువ్వెన, కొబ్బరినూనె సీసా పట్టుకుని వచ్చింది. అలవాటుగా వెనక నిలబడకుండా, పీట లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుంది. తలెత్తింది. ఎన్నాళ్లకో, సూటిగా అమ్మ మొహంలోకి చూసింది.

హైమ గబగబా మెట్టె నేలకేసి నొక్కింది. వాక్యాన్ని మెల్లగా, ఒక్కటే, ఏదీ తోసుకురాకుండా పైకి తెచ్చింది. 'ఆ రోజు మళ్లీ వస్తే, మళ్లీ నీ ఆటకే వస్తాను.' చెవి కింద పట్టీ పచ్చగా వెలిగింది. ఒక్క మచ్చ లేకుండా వెళ్లిందని ఆమెకి తెలుసు.

తరళ చూస్తూనే ఉంది. మొహంలో ఏ మార్పూ లేదు.

అప్పుడు చూసింది హైమ. పిల్ల ముక్కు మీద అద్దాల గుర్తులు రెండు మిగిలాయి. అద్దాలు లేవు.

"మానేశానమ్మా" అంది తరళ, ఆమె చూపు గమనించి. "అవి లేకపోతేనే నీ మొహం చూడగలుగుతున్నాను. ఎంత చిక్కిపోయావు! నేను చూసుకోనే లేదు." అమ్మ చెంప నిమిరింది. "ఇప్పుడు నువ్వు ఎంచుకున్న మాటలే కనిపిస్తాయని నాన్న చెప్పాడు, ఎలాగో నేను అడగలేదు. నాకు మంచిమాట ఏదో ఎంచి పెట్టే ఉంటావు. వద్దమ్మా. ఎంచుకోనప్పుడు ఏం వచ్చిందో చదివాను కదా. నాకేం కోపం లేదు. నిజమే అది. నువ్విప్పుడు నా కోసం అబద్ధం ఆడక్కర్లేదు."

హైమ తల అడ్డంగా ఊపింది. ఎడమ చేత్తో కూతురి కళ్ల వైపు, తన చెవి వైపు, మళ్లీ కూతురి కళ్ల వైపు చూపించింది. కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. "ఏడవకు, ఏడవకు" అంటూ తరళ చున్నీతో తుడిచింది. హైమ మెట్టె నొక్కుతూనే ఉంది. అదే వాక్యం మళ్లీ మళ్లీ పంపింది. కాలు నేలకేసి టకటకా కొట్టుకుంది.

తరళ కిందికి చూసింది.

"తిమ్మిరెక్కిందా అమ్మా? ఉండు, నేను కాలు పడతాను."

పీట మీంచి దిగి నేల మీద కూర్చుని, అమ్మ ఎడమ పాదం ఒళ్లోకి తీసుకుంది. అరచేతిలో కాస్త కొబ్బరినూనె వేసుకుంది. వేలికి మెట్టె అడ్డమొచ్చింది. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"అయ్యో, ఇది ఒరుసుకుంటోంది. అత్త చూస్తే తిడుతుంది కానీ, కాసేపు తీసేస్తాను."

మెల్లగా, నొప్పి తెలియకుండా తీసి, కిటికీ గూట్లో పెట్టింది. చెవి కింద పట్టీ ఆరిపోయింది. తరళ తల వంచుకుని, ఎంతో ప్రేమగా, అమ్మ పాదం పట్టడం మొదలుపెట్టింది.